అతిసారం డ్యూటీలో తడిసిన చీరను చెరువు రేవులో ఉతికేశారు: ఇప్పుడు ఏం చేయాలి, ఇకమీదట ఎలా ఉతకాలి?

ప్రశ్న: లంక ఊరి ఆశా, కోనసీమ

అందరికీ నమస్కారమండి. నేను కోనసీమలోని ఒక లంక గ్రామంలో తొమ్మిదేళ్లుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. కాలువకు బురద కలిసిన ఎర్రనీరు వచ్చిన దగ్గర నుంచి మా ఊళ్లోనూ, పక్క పేటలోనూ వాంతులు, విరేచనాలతో పడిపోయేవారు రోజురోజుకూ ఎక్కువవుతున్నారు. బడిలో వైద్య శిబిరం పెట్టారు. నీళ్ల నమూనాలు, రోగుల నమూనాలు పరీక్షకు పంపారు గాని, అది కలరాయా, మరొకటా అన్నది ఇంకా మాకు తెలియలేదు. ఇంటింటికీ తిరిగి ఓఆర్‌ఎస్ పొట్లాలు, క్లోరిన్ మాత్రలు ఇవ్వడం, నీరసించినవారిని శిబిరానికి చేర్చడం నా పని.

మొన్న సాయంత్రం నాలుగేళ్ల పాపను ఎత్తుకుని శిబిరానికి తీసుకువస్తుండగా ఆ బిడ్డకు వాంతి, విరేచనం రెండూ నా మీదే అయ్యాయి. కుచ్చిళ్ల దగ్గర నుంచి చెంగు దాకా చీర తడిసిపోయింది. ఇంటికి వచ్చి పెరట్లో చీర విప్పి, బాల్చీలో వేసి నీళ్లు పోసి స్నానం చేశాను. రాత్రికి ఉతుకుదామనుకున్నదాన్ని, నిలబడే ఓపిక లేక అలాగే పడుకుండిపోయాను. తెల్లవారి లేచేసరికి పెరట్లో బాల్చీ లేదు. మా అత్తయ్యగారు నా మీద జాలితో ఆ చీరను, మా రెండేళ్ల బాబు బట్టలను కలిపి చెరువు రేవుకు తీసుకువెళ్లి, మెట్టు మీద సబ్బు పెట్టి, బాది, జాడించి తెచ్చి దండెం మీద ఆరేశారు. మంచి మనసుతో చేసిన పని కనుక ఆమెను నేనేమీ అనలేకపోయాను. కాని ఆ మెట్లకు పది అడుగుల అవతలే అంట్లు తోముకునేవారు ఉంటారు, పిల్లలు అక్కడే ఈదుతారు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

నేను అడగదలచినది ఇది. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ లేదు. నాకున్నవి రెండే యూనిఫాం చీరలు. ముసురు పట్టి నాలుగు రోజులుగా ఎండ మొహం చూడలేదు. ఈ రోజు విప్పిన చీర ఎల్లుండి తెల్లవారేసరికి ఆరి ఉండాలి. ఇలాంటి బట్టలను ఇంట్లోనే సురక్షితంగా ఉతికే పద్ధతి ఏమిటి? బ్లీచింగ్ పౌడరు అయితే ఎంత వేయాలి, రంగు పోకుండా వేరే దారి ఉందా? ఉతికిన నీళ్లు ఎక్కడ పారబోయాలి? మా పెరడు దాటితే బోదె (పిల్లకాలువ), బోదె దాటితే చెరువు. అన్నిటికంటే ముందు, మొన్న జరిగిన దానికి ఇప్పుడు నేను చేయవలసింది ఏమైనా ఉందా? శిబిరంలోని డాక్టరుగారికి అన్నం తినే తీరిక కూడా లేదు, అందువల్ల ఇక్కడ అడుగుతున్నాను.


జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, కాకినాడ

అమ్మా, నేను 31 సంవత్సరాలు ఆసుపత్రి వార్డుల్లో పనిచేశాను. మీ ప్రశ్న చదివాక వెంటనే రాయకుండా ఉండలేకపోయాను.

మొదట మొన్నటి సంగతి. మీ అత్తగారిని నొప్పించవద్దు, కాని జరిగినది దాచనూ వద్దు. ఏఎన్‌ఎంగారికి, పంచాయతీవారికి ఈ రోజే చెప్పి, ఆ చెరువులో అంట్లు తోమడం, నోరు పుక్కిలించడం, పిల్లలు ఈదడం శిబిరం ఎత్తేసేవరకు ఆపించండి. ఆ చెరువు నీళ్లు తాగడానికో వంటకో తోడుకునే ఇళ్లేవో మీకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఈ పూట క్లోరిన్ మాత్రలు ముందుగా ఆ ఇళ్లకే చేర్చి, అట్ట మీద రాసిన లెక్క ప్రకారం బిందెలో వేయించి, అరగంట ఆగిన తర్వాతే తాగమని దగ్గరుండి చెప్పండి. కలరా క్రిమి కడుపులోకి వెళ్లిన కొన్ని గంటల నుంచి 5 రోజుల లోపు జబ్బు బయటపడుతుంది. కాబట్టి మీ అత్తగారిని, బాబును, మిమ్మల్ని మీరు అన్ని రోజులూ కనిపెట్టుకుని ఉండండి. బాబుకు ఒక్క నీళ్ల విరేచనం అయినా ఓఆర్‌ఎస్ పట్టిస్తూ శిబిరానికి తీసుకువెళ్లండి. దండెం మీద ఉన్న చీరను, దానితో కలిపి ఉతికిన బాబు బట్టలను నేను కింద చెప్పే పద్ధతిలో మళ్లీ ఒకసారి ఉతకండి. ఆ బాల్చీని కూడా క్లోరిన్ నీళ్లతో కడగండి.

సబ్బు పెట్టి బాది జాడించినప్పుడు బట్ట మీది క్రిములు చాలావరకు వదిలిపోతాయి. అయితే అక్కడితో అవి చావవు, బట్టను వదిలి నీళ్లలోకి దిగుతాయి. చీర శుభ్రపడింది, చెరువు చెడింది. విరేచనాల జబ్బు తిరుగుతున్న రోజుల్లో బట్టను గురించి ఎంత ఆలోచిస్తామో, ఉతికిన నీటిని గురించి అంతకు రెట్టింపు ఆలోచించాలని నేను అనడం ఇందుకే.

ఇక పద్ధతి. డ్యూటీ నుంచి వచ్చినప్పుడు వీధి గుమ్మంలో నుంచి కాకుండా పెరటి వైపు నుంచి రండి. చీరను దులపకుండా, విదిలించకుండా, మురికి వైపు లోపలికి వచ్చేలా మడుచుకుంటూ విప్పండి. వార్డులో కొత్తగా చేరిన అమ్మాయిలకు నేను మొదటి రోజు నేర్పినది ఇదే. రోగి దుప్పటిని నాలుగు అంచుల నుంచి నడిమికి మడిచి మూట చేసి, ఆ మూటను ఒంటికి ఆనకుండా చేతులు చాచి పట్టుకుని తీసుకుపోవాలి. చంకలో ఇరికించుకుంటే మురికి మన బట్టకూ అంటుతుంది, ఆ బట్టతోనే మనం పక్క మంచం దగ్గరకు వెళతాం. గట్టి మలం గాని, వాంతి గాని ఉంటే పాత కాగితంతో తీసి మరుగుదొడ్డిలో వేయండి. మొన్నటిలా బాల్చీలో చన్నీళ్లు పోసి రాత్రంతా వదిలేయడం మాత్రం ఇక వద్దు. దానివల్ల క్రిములు చావకపోగా, ఏమీ తెలియని వాళ్లు ఆ బాల్చీలో చేయి పెట్టే ప్రమాదం ఉంది.

మీవి రంగు చీరలు కాబట్టి, నేను వేడినీళ్ల దారినే ముందు చెబుతాను. మూత ఉన్న పెద్ద అల్యూమినియం డేగిసా ఒకటి బట్టలకే కేటాయించండి. దాంట్లో ఒక వంతు చన్నీళ్లు, మూడు వంతులు సలసల మరుగుతున్న నీళ్లు పోస్తే ఆ నీటి వేడి 80 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సర్ఫు పొడి వేసి, చీరను ముందు జాడించకుండా నేరుగా అందులో వేసి, కర్రతో తిప్పి, బట్ట మొత్తం మునిగేలా అదిమి, మూత పెట్టి అరగంట ఉంచండి. ఇంగ్లండు ఆసుపత్రుల లాండ్రీలలో 65 డిగ్రీల వేడిలో 10 నిమిషాలు, లేదా 71 డిగ్రీల వేడిలో 3 నిమిషాలు బట్ట ఉండాలన్న నియమం ఉంది. మన పెరట్లో థర్మామీటరు ఉండదు కాబట్టి వేడి కొంచెం ఎక్కువగా, సమయం చాలా ఎక్కువగా పెట్టుకుందాం. నూలు బట్టలైతే, బాబు లంగోటీలైతే పొయ్యి మీదనే పెట్టి మరిగించవచ్చు. కోనసీమలో కొబ్బరి డొక్కలకు కొదవ లేదు గనుక గ్యాసు ఖర్చవుతుందన్న దిగులు అక్కర్లేదు. సింథటిక్ చీర ఆ వేడికి ముడతలు పడుతుంది, అది ఇస్త్రీతో పోతుంది. అరగంట తర్వాత నీళ్లు గోరువెచ్చన అయ్యాక మామూలుగా రుద్ది ఉతికి, మంచినీళ్లలో రెండుసార్లు జాడించండి. ఈ పద్ధతిలో నాకు నచ్చిన సుగుణం ఏమిటంటే, వేడినీళ్లలోనే క్రిములు చచ్చిపోతాయి కాబట్టి పారబోసే నీళ్లు కూడా భయపడవలసినవి కావు.

పొయ్యి వెలిగించే వీలు లేని రోజున క్లోరిన్ వాడండి. దానికి వరుస మారుతుంది. ముందు సబ్బుతో ఉతికి మురికి పోగొట్టాలి, ఎందుకంటే మురికి ఉంటే క్లోరిన్ బలమంతా మురికి మీదే ఖర్చయిపోతుంది. ఆ మొదటి సబ్బు నీళ్లలో క్రిములు బతికే ఉంటాయి కనుక వాటిని మరుగుదొడ్డిలోనే పోయాలి. ఆ తర్వాత బట్టను 0.05 శాతం క్లోరిన్ నీళ్లలో 30 నిమిషాలు ముంచి ఉంచాలి. కొత్త బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ 30 శాతం వరకు ఉంటుంది. ఆ లెక్కన 10 లీటర్ల బాల్చీకి 17 గ్రాములు సరిపోతుంది. కిరాణా కొట్టులో ఒక్కసారి 17 గ్రాములు తూయించి, ఆ పొడిని ఏదైనా సీసా మూతలో పోసి ఎంత వరకు వచ్చిందో గీత పెట్టుకుంటే, రోజూ తూచే పని ఉండదు. పొడిని నేరుగా బట్టల మీద చల్లకండి. ముందు కొద్ది నీళ్లలో కలిపి, తర్వాత మిగిలిన నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటిని వేరే ప్లాస్టిక్ బాల్చీలోకి వంచుకుని అందులో బట్ట వేయండి. సీసాల్లో దొరికే 5 శాతం క్లోరిన్ ద్రావణమైతే 10 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఎర్రనీళ్లతో ఇది కలపవద్దు, తేరిన నీళ్లు కావాలి. బాత్‌రూము కడిగే యాసిడ్‌ను మాత్రం దీని దరిదాపులకు రానివ్వకండి, రెండూ కలిస్తే వెలువడే వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

చివరగా చేతులు. గ్లౌజులు ఉంటే సరే, లేకపోయినా ఉతకడం పూర్తయిన తర్వాత మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోళ్ల సందులతో సహా కడుక్కుని, అప్పుడే వంటింట్లోకి వెళ్లండి. బట్టల వల్ల జబ్బు అంటుకోవడం చాలాసార్లు ఇక్కడే జరుగుతుంది: బట్ట నుంచి చేతికి, చేతి నుంచి అన్నం ముద్దకు.


జవాబు: ఆక్వా రైతు, భీమవరం

మేడమ్ గారు చెప్పినదంతా బాగుందండి. నాదొక సందేహం. రొయ్య పిల్లను వదలడానికి ముందు మేము చెరువు నీటిని బ్లీచింగ్‌తోనే శుద్ధి చేస్తాం. మరి ఆ ఊరి చెరువులో కూడా ఒకటి రెండు బస్తాలు చల్లిస్తే ఒక్క దెబ్బతో పీడ విరగడ కాదా? అలాగే బట్టలకు గ్రాముల లెక్క ఎందుకు, గుప్పెడు వేస్తే ఇంకా గట్టిగా పనిచేస్తుంది కదా? మా ఇంట్లోవాళ్లు కరోనా రోజుల్లో అలాగే వేసేవారు. పైగా డెటాల్ కూడా కలిపేవారు. కావాలంటే బ్లీచింగ్ నేను పంపిస్తానమ్మా, మొహమాటపడకండి.


జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, కాకినాడ

బాబూ, మీ మంచి మనసుకు నమస్కారం. మీ చెరువుకు లోతు, విస్తీర్ణం కొలతలు ఉంటాయి, అందులో అప్పటికి చేపా రొయ్యా ఏదీ ఉండదు. ఊరి చెరువులో చేపలుంటాయి, అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న బురద, ఆకు ఉంటాయి. వేసిన క్లోరిన్ అంతా వాటికే సరిపోయి, చేపలు తేలి, క్రిములు మిగిలే అవకాశమే ఎక్కువ. తాగే నీటిని బిందెలోనే శుద్ధి చేసుకోవడం మంచిది. గుప్పెడు పొడి అంటే నేను చెప్పిన దానికి ఎన్నో రెట్లు. దానికి బట్ట పోగులు చివికిపోతాయి, చేతులు పుండ్లు పడతాయి, పుండ్లు పడిన చేతులతో ఆ అమ్మాయి మళ్లీ రోగులనే ముట్టుకోవాలి. క్లోరిన్‌లో డెటాల్ గాని, మరే మందు గాని కలపవద్దు.

కరోనాను, విరేచనాల జబ్బును ఒకే గాటన కట్టకూడదు. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు తగిలితే అది కరిగిపోతుంది. ఆ జబ్బు ముఖ్యంగా శ్వాస ద్వారా వస్తుంది గనుక బట్టలను సబ్బుతో మామూలుగా ఉతికి బాగా ఆరబెడితే చాలు. నోరో వైరస్‌కు, పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరస్‌కు ఆ పొర ఉండదు, వాటికి వట్టి సబ్బు చాలదు. డెంగీ దోమ వల్ల వచ్చేది, బట్టలతో దానికి సంబంధమే లేదు. గజ్జి సోకిన ఇంట్లో వేడినీళ్లకు తట్టుకోని బట్టలుంటే వాటిని సంచిలో మూటగట్టి కనీసం 3 రోజులు పక్కన పెట్టినా ఆ పురుగు చచ్చిపోతుంది. శిబిరం ఎందుకు పెట్టారో తెలియని చోట, అన్నిటికంటే మొండి క్రిమి ఉందనుకుని జాగ్రత్తపడటమే క్షేమం.

అమ్మాయికి మీరు పంపదలచుకుంటే బ్లీచింగ్ కంటే, ఒక జత రబ్బరు గ్లౌజులు, మూత గట్టిగా పట్టే డేగిసా పంపించండి.


జవాబు: లాండ్రీ నడిపేవాడిని, పాలకొల్లు

అందరికీ నమస్కారం. మాది రజక కుటుంబం. మా తాతగారి వరకు కాలువ రేవులోనే మా పని, నేను ఇప్పుడు చిన్న లాండ్రీ నడుపుతున్నాను. మేడమ్ గారు డేగిసాలో చేయమన్న పనిని మా పెద్దలు బానతో చేసేవారు. ఉతికిన బట్టలను చౌడు నీళ్లలో తడిపి, పొయ్యి మీద బాన పెట్టి, దాని మీద వాటిని గోపురంలా పేర్చి, రాత్రంతా ఆవిరి పట్టించేవారు. తెల్లవారి విప్పినప్పుడు లోపలి మడతలో చేయి పెట్టనిచ్చేది కాదు, అంత వేడి ఉండేది. తెల్లదనం కోసం పెట్టిన ఆవిరి, తెలియకుండానే రోగాన్ని కూడా చంపేదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. అయితే బాన ఎక్కేది బట్ట ఒకసారి రేవులో జాడించిన తర్వాతే, కాబట్టి మాస్టార్లెవరైనా చదివితే, నీటి మాట వచ్చేసరికి మా పద్ధతిలోనూ లోటు ఉందని ఒప్పుకుంటాను.

నేను ముఖ్యంగా చెప్పదలచినది వేరు. పురిటి బట్టలు, చావు ఇంటి బట్టలు, అమ్మవారు పోసిన వారి పక్క బట్టలు, వీటన్నిటినీ మైల బట్టలని పేరు పెట్టి మా ఇళ్ల ఆడవాళ్లకే మూటగట్టి ఇచ్చేవారు. ఏ రోగంతో పోయారో ఎవరూ చెప్పేవారు కాదు, అడిగే హక్కు మాకు లేదు. మా నాయనమ్మ ఆ మూటలను ఒట్టి చేతులతో విప్పేది. మూట ముడి మీద ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగేవని, ఆ తర్వాతే విప్పేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఈ రోజుల్లో కూడా ఊళ్లలో ఉతకడానికి మాకు బట్టలు వేసే అలవాటున్న ఇళ్లున్నాయి. దయచేసి విరేచనాల ఇంటి బట్టలను మామూలు మూటలో కలిపి ఎవరికీ వేయకండి. ముందు మీ ఇంట్లో వేడినీళ్లలో పెట్టి, ఆ తర్వాత వేయండి. అది కుదరకపోతే విడిగా కట్టి, ఇది జబ్బు బట్ట అని నోరు తెరిచి చెప్పండి. చెబితే మేము వేరే నీళ్లు పెట్టుకుంటాం, గ్లౌజులు వేసుకుంటాం, పిల్లలను దూరంగా ఉంచుతాం. 2018లో ఇంగ్లండులో మంకీపాక్స్ రోగి పక్కబట్టలు మార్చిన ఆసుపత్రి ఉద్యోగికి ఆ జబ్బు సోకింది, ఆ పక్కబట్టల వల్లనే సోకి ఉంటుందని డాక్టర్లు భావించారు. అన్ని సదుపాయాలున్న ఆసుపత్రిలోనే అలా జరిగితే, రేవులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉతికే మనిషి సంగతి ఆలోచించండి.

ఆశా అమ్మగారూ, ఆరబెట్టడం గురించి ఒక మాట. ముసురులో చీర ఆరాలంటే పిండటంలోనే కిటుకు ఉంది. పిండిన చీరను పొడి తువ్వాలు మీద పరిచి, రెంటినీ కలిపి చాప చుట్టినట్టు చుట్టి మోకాలితో నొక్కితే మిగిలిన తడి తువ్వాలుకు ఎక్కుతుంది. తర్వాత వసారాలో రెండు దండేలు మూరెడు ఎడంతో కట్టి, చీరను మడత మీద మడత పడకుండా రెంటి మీదుగా వేసి, ఫ్యాను పెట్టండి. తెల్లవారి కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి. అంచు, కుట్లు చివరిదాకా తడిని పట్టి ఉంచుతాయి, అక్కడ పెట్టె ఒక నిమిషం ఎక్కువ ఆడించండి.


జవాబు: జంతుశాస్త్రం అధ్యాపకుడు, రామచంద్రపురం

పాలకొల్లు సోదరుడు చెమ్మ మాట ఎత్తారు గనుక దానికి సంబంధించిన ఒక పాత సంగతి చెబుతాను. జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలరాకు కారణం వెతుకుతూ 1883 డిసెంబరులో కలకత్తా వచ్చారు. ఆ నగర శివార్లలో ఒక చెరువు చుట్టూ ఉన్న ఇళ్లలో కలరా వ్యాపించినప్పుడు, ఆ చెరువు నీటిలో కామా ఆకారపు క్రిములు ఆయనకు కనిపించాయి. విచారిస్తే, మొదట చనిపోయిన రోగి బట్టలను ఆ చెరువులోనే ఉతికారని తెలిసింది. అదే నీటిని చుట్టుపక్కలవారు తాగడానికి, వంటకు, స్నానానికి వాడుతున్నారు. ఆశా సోదరి అడిగిన ప్రశ్న 1884 నాటికే ఒకసారి పరీక్షకు నిలిచిన ప్రశ్న అన్నమాట. తడి బట్ట మీద ఆ క్రిములు చావకపోగా పెరుగుతాయని, పూర్తిగా ఎండిన చోట త్వరగా చస్తాయని కూడా ఆయన గమనించారు. రాత్రంతా బాల్చీలో నానవేయవద్దని నర్సుగారు చెప్పడం, అంచులు కూడా ఆరేదాకా ఇస్త్రీ చేయమని లాండ్రీ సోదరుడు చెప్పడం ఈ కారణంగానే సబబు.

అంతకు ముప్పై ఏళ్ల కిందట, 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటి వల్ల కలరా వ్యాపించిందని డాక్టర్ జాన్ స్నో తేల్చిన కథ చాలామందికి తెలుసు. ఆ పంపు నీరు ఎలా చెడిందన్నది మాత్రం ఎక్కువమంది చెప్పరు. పంపు పక్కన ఉన్న ఇంట్లో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలను తల్లి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను ఇంటి ముందున్న మురుగు గుంటలో పోసింది. ఆ గుంట గోడ నుంచి నీరు ఊటగా కారి పంపు బావిలోకి చేరింది. హెన్రీ వైట్‌హెడ్ అనే మతాచార్యుడు ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతి బయటపెట్టారు.

మన డెల్టాకు ఈ రెండు కథలూ వర్తిస్తాయి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన తర్వాత ఈ కాలువలే మనకు సార్వా, దాళ్వా పంటలకూ, మంచినీళ్ల చెరువులకూ ఆధారం. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది కాబట్టి కాలువ నీటితో నింపిన చెరువే దిక్కు. ఎగువ ఊరి రేవులో జాడించినది దిగువ ఊరి చెరువులోకి చేరుతుంది, శివారు గ్రామాలకు అన్ని ఊళ్లదీ చేరుతుంది. భూగర్భజలం కూడా వానకాలంలో చేయి చాస్తే అందేంత పైకి వస్తుంది. కాబట్టి మరుగుదొడ్డి గుంట నుయ్యికి గాని, చేతిపంపుకు గాని దగ్గరగా ఉంటే, బతికి ఉన్న క్రిములతో మురికి నీళ్లు అందులో పోయడం కూడా పూర్తిగా క్షేమం కాదు. 30 మీటర్ల దూరం ఉండాలన్నది సాధారణ నియమం, మన పెరళ్లలో అంత దూరం ఎక్కడుంది? ఈ కారణంగా నర్సుగారు చెప్పిన రెండు దారుల్లో నేను వేడినీళ్ల వైపే మొగ్గుతాను. అందులో బతికిన క్రిమితో బయటికి పోయే నీరే ఉండదు.

చీర ప్రస్తావన వచ్చింది గనుక మరొక మాట. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం, పాత నూలు చీరను పొరలు పొరలుగా మడిచి బిందె మూతికి కట్టి చెరువు నీరు వడపోయించింది. కలరా క్రిములు నీటిలోని కంటికి ఆనీ ఆనని జీవులను అంటిపెట్టుకుని ఉంటాయి, ఆ జీవులు పొరల్లో చిక్కుకుంటాయి. ఆ ఇళ్లలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురించారు. మీ ఊళ్లో మాత్రలు అందని పూట ఇది అక్కరకు వస్తుంది. తర్వాత ఆ గుడ్డనూ మరిగే నీళ్లలో వేయాలి సుమా. మాత్రలు ఉంటే వడపోసి, ఆపైన మాత్ర వేయడమే మేలు.


ప్రశ్న వేసినవారు: లంక ఊరి ఆశా, కోనసీమ

అందరికీ చేతులెత్తి నమస్కారం చేస్తున్నాను. నిన్న ఉదయమే ఏఎన్‌ఎంగారికి, సర్పంచిగారికి జరిగినది చెప్పాను. మధ్యాహ్నానికల్లా రేవుకు అడ్డంగా వెదురు కట్టి, మైకులో చాటింపు వేశారు. మా ఇంటి పేరు చెప్పలేదు. చెరువు నీళ్లు తోడుకునే పదకొండు ఇళ్లకు వెళ్లి బిందెల్లో మాత్రలు నా చేతులతోనే వేసి వచ్చాను.

అత్తయ్యగారితో ఎలా చెప్పాలా అని మథనపడ్డాను. మాస్టారుగారు రాసిన కలకత్తా చెరువు సంగతి ఆమెకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, తన చిన్నతనంలో జబ్బులు రాకూడదని పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకుని పెద్దవాళ్లు ఇంటి బట్టలన్నీ మరిగించేవారని, ఎందుకో తనకు అప్పుడు తెలియలేదని చెప్పి, తానే లేచి వెళ్లి అటక మీది పాత డేగిసా దింపింది. నిన్న రాత్రి డొక్కల పొయ్యి మీద నీళ్లు కాచి చీరను, బాబు బట్టలను మళ్లీ ఉతికాం. ఈ ఉదయానికి చీర ఆరింది, అంచు దగ్గర మాత్రం చెమ్మ ఉంటే ఇస్త్రీ చేసి కట్టుకుని డ్యూటీకి వచ్చాను. అత్తయ్యగారు, బాబు ఈ పూటకు బాగానే ఉన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. డ్యూటీలో ఉండగా చీర తడిస్తే, ఇంటికి వచ్చేవరకు మూడు నాలుగు గంటలు అదే చీరతో తిరగవలసి వస్తోంది, దానికి ఏం చేయాలి? శిబిరంలో ఊడ్చి కడిగే అమ్మాయిలు ఇద్దరున్నారు, వాళ్లకు యూనిఫాం కూడా లేదు. రోజూ కట్టుకొచ్చిన చీరతోనే అంతా ఎత్తిపోసి, అదే చీరతో పసిపిల్లల దగ్గరకు వెళుతున్నారు. వాళ్ల గురించి ఎవరిని అడగాలి?


జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, కాకినాడ

అమ్మా, మీ కబురు కోసమే ఎదురుచూస్తున్నాను. వెదురు కట్టించారని చదివి మనసు కుదుటపడింది. అయినా 5 రోజులు పూర్తయ్యేదాకా బాబును గమనించడం మానకండి.

డ్యూటీలో తడవకుండా ఉండటానికి ప్లాస్టిక్ ఏప్రాన్ అడగండి, శిబిరం సామానులో ఉండవలసిన వస్తువే. అది వచ్చేలోగా మందమైన పాలిథిన్ సంచిని అడుగున, పక్కలా కోసి మెడలో వేసుకున్నా చీర ముందు భాగం దక్కుతుంది. బిడ్డను ఎత్తుకునేటప్పుడు మీ ఒంటికీ బిడ్డకూ మధ్య ఒక పాత తువ్వాలు పెట్టుకోండి, తడిసేది అదే అవుతుంది. ఒక పాత నూలు చీర, మూతి కట్టే ప్లాస్టిక్ సంచి శిబిరంలో మీ బ్యాగులో ఉంచుకోండి. తడిసిన వెంటనే మార్చుకుని, తడిసిన దాన్ని సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకుని, ఇంటికి వచ్చిన వెంటనే వేడినీళ్లలో వేయండి. సంచిలోనే రాత్రంతా ఉంచేయవద్దు, మాస్టారుగారు చెప్పినట్టు చెమ్మలో అవి పెరుగుతాయి.

ఆ ఇద్దరు అమ్మాయిల సంగతి శిబిరం డాక్టరుగారితోనే మాట్లాడండి, నోటిమాటతో కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి. ఆసుపత్రి వ్యర్థాలను ఎత్తే పనివారికి రక్షణ దుస్తులు ఇవ్వడం, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం ఆ సంస్థ బాధ్యతేనని 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలలో ఉంది. కాంట్రాక్టు మీద తీసుకున్నా, రోజుకూలికి పిలిచినా ఆ బాధ్యత పోదు. కాగితంలో నాలుగే వస్తువులు రాయండి: ఏప్రాన్లు, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, బూట్లు, శిబిరంలోనే బట్టలు మరిగించడానికి ఒక పెద్ద పాత్ర. పాత్ర బడిలోనే ఉంటుంది, మధ్యాహ్న భోజనం వండే దానిని మాత్రం దీనికి తీసుకోకూడదు, వేరేది కావాలి. ఆ అమ్మాయిలు ఇంటికి వెళ్లేముందు చీర అక్కడే మార్చుకుని, మురికిది అక్కడే మరిగించి వెళ్లే ఏర్పాటు జరిగితే, వాళ్ల పేటలోని చెరువుకు కూడా వెదురు కట్టవలసిన అవసరం రాదు.

ఆ కాగితం రాయడానికి సాయం కావాలంటే రాత్రి ఎనిమిది తర్వాత ఇక్కడే అడగండి, నేను మేలుకునే ఉంటాను.